నవల్లోంచి జేబులోకి!

చెవిలో ఇయర్‌బడ్స్‌, చేతిలో ట్యాబ్‌, గోడ నిండా టీవీ... ఇవన్నీ దుకాణంలోకి రాకముందే పుస్తకాల్లోకి వచ్చేశాయి. సైన్స్‌ ఫిక్షన్‌ నవలల్నీ కొత్త గాడ్జెట్లనీ సమానంగా ఇష్టపడేవాళ్లకి సైబరాబాద్‌ను మించిన ఊరు ఇంకోటి ఉండదేమో! కాకపోతే ఆ సంబరంలో ఓ చిన్న వెలితి. ఇంత భవిష్యత్తు మన గుమ్మం ముందుకు వచ్చి నిలబడితే, ఆ కథల్లో మన భాష వాటా ఎంత?

ఉదయం తొమ్మిది గంటలు. అమీర్‌పేటలో రాయదుర్గం వెళ్లే మెట్రో ఎక్కండి. సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. కమ్మీ పట్టుకుని నిలబడి చుట్టూ ఓసారి చూడండి. చాలామంది చెవుల్లో చిన్నచిన్న గుళికలు. ఎవరి పాట వారిది, ఎవరి లోకం వారిది. పక్కనున్నవాళ్లు పలకరించినా వినపడదు.

ఈ దృశ్యాన్ని అమెరికా రచయిత రే బ్రాడ్‌బరీ 1953లోనే రాసిపెట్టాడు. ఆయన నవల ‘ఫారెన్‌హీట్‌ 451’లో కథానాయకుడి భార్య చెవుల్లో ‘సీషెల్స్‌’ అనే బుల్లి రేడియోలు పెట్టుకుని, నిద్రలో కూడా తీయదు. వాళ్లింట్లో హాల్లో మూడు గోడలూ టీవీ తెరలే. నాలుగో గోడకీ తెర పెట్టించమని భర్తని పోరుతూ ఉంటుంది. ఇంతకీ ఆ భర్త చేసే ఉద్యోగం ఏమిటో తెలుసా... ఫైర్‌ స్టేషన్‌లో. అయితే మంటలు ఆర్పడం కాదు, ఎవరింట్లో పుస్తకాలు దొరికినా తగలబెట్టడం ఆయన డ్యూటీ!

అదే బోగీలో ఎవరో ట్యాబ్‌ మీద న్యూస్‌పేపర్‌ తిరగేస్తుంటారు. ఆ పనిని ఆర్థర్‌ సి. క్లార్క్‌ 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్‌ ఒడిస్సీ’లో ఓ వ్యోమయాత్రికుడితో చేయించాడు. ఆయన దానికి పెట్టిన పేరు ‘న్యూస్‌ప్యాడ్‌’. 2011లో తన ట్యాబ్లెట్‌ ఆకారాన్ని కాపీ కొట్టిందంటూ శామ్‌సంగ్‌ మీద ఆపిల్‌ కోర్టుకెక్కినప్పుడు, ఆ ఆకారం కొత్తదేమీ కాదని చూపడానికి శామ్‌సంగ్‌ ఆ కథతో తీసిన సినిమా దృశ్యాన్నే సాక్ష్యంగా పెట్టింది. ఓ కథ కోర్టులో సాక్ష్యం చెప్పబోవడం అంటే ఇదే మరి!

సైన్స్‌ ఫిక్షన్‌ చదివేవాళ్లకి కొత్త గాడ్జెట్‌ కనిపిస్తే కలిగే ఆనందం ఇదే. మిగతావాళ్లు దాని ధర చూస్తారు, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్‌ అని చూస్తారు. వీళ్లకి మాత్రం పాత నేస్తం బజార్లో ఎదురైనట్టు ఉంటుంది. ‘అరె, నిన్ను నేను పదో తరగతిలోనే చూశానే!’ అనిపిస్తుంది.

ఊరి పేరే ఓ నవల
హైటెక్‌ సిటీకి తొలి గుర్తు సైబర్‌ టవర్స్‌. మాదాపూర్‌ రాళ్ల మధ్య లేచిన ఆ గుండ్రటి భవనాన్ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ చుట్టుపక్కల ప్రాంతమే సైబరాబాద్‌ అయింది. పేరులో రెండో సగం మనకి పాతదే. హైదరాబాద్‌, సికింద్రాబాద్‌ల చివర ఉన్న ఆబాదే. మరి మొదటి సగం?

‘సైబర్‌’ మూలం ఓ గ్రీకు మాట. పడవకి చుక్కాని పట్టే సరంగు అని దాని అర్థం. అమెరికా గణితవేత్త నోర్బర్ట్‌ వీనర్‌ 1948లో, యంత్రాలూ జీవులూ తమను తాము ఎలా అదుపు చేసుకుంటాయో చెప్పే శాస్త్రానికి ‘సైబర్నెటిక్స్‌’ అని పేరు పెట్టాడు. ఆ ముక్క తీసుకుని విలియం గిబ్సన్‌ అనే రచయిత 1982లో ఓ కథలో ‘సైబర్‌స్పేస్‌’ అన్న మాట సృష్టించాడు. 1984లో వచ్చిన ఆయన నవల ‘న్యూరోమాన్సర్‌’ దాన్ని ప్రపంచమంతా తిప్పింది. తమాషా ఏమిటంటే, కంప్యూటర్ల లోపలి లోకాన్ని అంత వివరంగా ఊహించిన ఆ నవలని గిబ్సన్‌ కొట్టింది మామూలు టైప్‌రైటర్‌ మీద! అంటే, ఐటీ ఉద్యోగి రోజూ బస్సు ఎక్కి దిగే ఊరి పేరులో సగం, ఓ నవల చేతుల మీదుగా వచ్చిందన్నమాట.

‘రోబో’ సంగతి ఇంకా ఆసక్తికరం. 1920లో చెక్‌ రచయిత కారెల్‌ చాపెక్‌ రాసిన ‘ఆర్‌.యు.ఆర్‌.’ నాటకంతో ఆ మాట లోకంలోకి వచ్చింది. చెక్‌ భాషలో ‘రోబోతా’ అంటే జమీందారుకి కూలి లేకుండా చేసే చాకిరీ. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లని అడిగితే దానికి ఒక్క మాటలో అనువాదం చెబుతారు... వెట్టి! మనం ముద్దుగా మరమనిషి అని పిలుచుకుంటున్న రోబో, పుట్టుకతో వెట్టివాడు. నాటకం చివరికి ఆ వెట్టివాళ్లు తిరగబడతారు. వెట్టి మీద తిరగబడిన నేలకి ఆ కథ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక ‘మెటావర్స్‌’. 1992లో నీల్‌ స్టీఫెన్‌సన్‌ ‘స్నో క్రాష్‌’ నవలలో వాడిన మాట. ఆ లోకంలోకి వెళ్లేటప్పుడు మనిషి తొడుక్కునే బొమ్మరూపాన్ని ‘అవతార్‌’ అన్నాడు. మన అవతారమే అమెరికా వెళ్లి, అక్కడి నవలల్లో కొత్త అవతారం ఎత్తింది. మన దేశంలో తన తొలి కార్యాలయాన్ని 2010లో హైదరాబాద్‌లోనే తెరిచిన ఫేస్‌బుక్‌ సంస్థ, 2021లో ‘మెటా’గా పేరు మార్చుకున్నది ఆ మెటావర్స్‌ మీద ఆశతోనే.

పల్లెకి దిగిన ఊహ
ఇదంతా అద్దాల మేడల వ్యవహారం, మామూలు జనానికి ఏం సంబంధం అంటారా? అయితే యాభై ఏళ్లు వెనక్కి వెళ్దాం.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌ వైమానిక దళంలో రాడార్‌ పని చేసిన క్లార్క్‌, 1945లో ఓ పత్రికలో వ్యాసం రాశాడు. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని పెడితే, అది భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది, అలాంటివి మూడుంటే ప్రపంచమంతా మాటల్ని ప్రసారం చేయొచ్చు అన్నది దాని సారాంశం. అప్పటికి మనిషి ఒక్క ఉపగ్రహాన్నీ ఎగరేయలేదు!

సరిగ్గా ముప్ఫై ఏళ్లకి, 1975 ఆగస్టు 1న, ఆ ఊహ మన పల్లెల్లో వాలింది. ఇస్రో, నాసా కలిసి చేపట్టిన ‘సైట్‌’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకి ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. కోళ్ల గూటికి కొట్టే ఇనుప వలలాంటి దానితో చేసిన పదడుగుల గొడుగు, దాని పక్కన ఓ టీవీ సెట్టు. ఆ సెట్లు తయారైంది మన హైదరాబాద్‌ ఈసీఐఎల్‌లోనే. పొద్దున పాఠాలూ, పొద్దుగూకితే పంటల సంగతులూ తెలుగులో! అప్పటికి హైదరాబాద్‌లో కూడా ఇంటింటికీ టీవీ లేదు. అప్పటికే శ్రీలంకలో స్థిరపడిన క్లార్క్‌ కొలంబో ఇంటి మీద కూడా మన ఇంజినీర్లు అలాంటి గొడుగే బిగించారు. తన ఊహ మోసుకొచ్చిన బొమ్మని ఆ రచయిత తన ఇంట్లో కూర్చుని చూశాడు. ఏ రచయితకి దక్కుతుంది అంత భాగ్యం!

కాబట్టి భవిష్యత్తు హైదరాబాద్‌కి 1998లో హఠాత్తుగా రాలేదు. ఈసీఐఎల్‌ 1967 నుంచీ ఇక్కడే ఉంది. పెద్దవాళ్లు మురిపెంగా తుడిచి, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పిన ‘ఈసీ టీవీ’ ఆ సంస్థదే. ఎన్నికలప్పుడు మన వేలు నొక్కే ఓటింగ్‌ యంత్రాల్ని తయారుచేసే రెండు సంస్థల్లోనూ అదొకటి.

ప్రియదర్శిని పెట్టె
తెలుగువాళ్లకి ఈ రుచి కొత్తది కాదు. ‘మాయాబజార్‌’ మరోసారి చూడండి. ఇష్టమైనవాళ్లు ఎంత దూరాన ఉన్నా కళ్లకి చూపించే ‘ప్రియదర్శిని’ పెట్టె ఇవాళ్టి వీడియోకాల్‌ కాక మరేమిటి? ఎక్కినవాళ్లతో నిజం చెప్పించే పీట లై డిటెక్టర్‌కి మేనత్త! 1957లో ఆ సినిమాకి దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. ఆయనే 1991లో ‘ఆదిత్య 369’లో టైమ్‌ మెషీన్‌ ఎక్కించి మనల్ని శ్రీకృష్ణదేవరాయల కొలువుకి తీసుకెళ్లారు. దానికి ప్రేరణ హెచ్‌.జి.వెల్స్‌ 1895లో రాసిన ‘ది టైమ్‌ మెషీన్‌’. తర్వాత నాగ్‌ అశ్విన్‌ తీసిన ‘కల్కి 2898 ఏడీ’కి ఆయనే మార్గదర్శిగా నిలిచారు. 2024లో విడుదలైన ఆ సినిమాకి జనం బారులు తీరారు. అంటే చూడటానికి మనం ఎప్పుడూ సిద్ధమే. మరి చదవడానికి?

అద్దె లైబ్రరీలు రాజ్యమేలిన రోజుల్లో చదివేవాళ్లం కూడా. వారపత్రికలో సీరియల్‌ కోసం వాకిట్లో కాపు కాసిన తరం అది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్‌ యుగంధర్‌, మధుబాబు షాడో... వాళ్లతోపాటే మనింటికి బోలెడన్ని చిత్రమైన పరికరాలూ వచ్చాయి. యండమూరి వీరేంద్రనాథ్‌ ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ నవలలతో అంతరిక్షాన్ని మధ్యతరగతి వంటింటి గుమ్మం దాకా తెచ్చారు. ప్రపంచం అంతమైపోతోందని తెలిశాక మన పక్కింటాయన ఏం చేస్తాడు, మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారు అన్న ఆలోచన ‘యుగాంతం’ చదివినవాళ్లని అంత తేలిగ్గా వదలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్‌ సైన్స్‌ బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు, కంప్యూటర్‌కి ‘కలనయంత్రం’ లాంటి మాటలు వాడుతూ తెలుగులోనే సైన్సు కథలు రాశారు. విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్‌ అనువాదాలు ఎంతమందికి సైన్సు పిచ్చి పట్టించాయో లెక్కలేదు.

అయినా పక్కవాళ్లతో పోలిస్తే మన అర పలచనే. బెంగాలీలో జగదీశ్‌ చంద్రబోస్‌ అంతటి శాస్త్రవేత్త 1896లోనే, ఓ తలనూనె కంపెనీ పెట్టిన పోటీకి కథ రాశాడు. సముద్రంలో సీసాడు తలనూనె పోస్తే తుపాను చల్లబడిపోతుంది అందులో! సత్యజిత్‌ రే ప్రొఫెసర్‌ శంకూ అనే శాస్త్రవేత్తని సృష్టించి పిల్లలకిచ్చాడు. మరాఠీలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్‌ నార్లీకర్‌ స్వయంగా కలం పట్టారు. తమిళంలో సుజాత పేరుతో రాసిన రంగరాజన్‌, భారత్‌ ఎలక్ట్రానిక్స్‌లో ఓటింగ్‌ యంత్రం తయారీలో పాలుపంచుకున్న ఇంజినీరు. మనం చూసిన ‘రోబో’ సినిమా రచనలోనూ ఆయన చెయ్యి ఉంది. వాళ్లలో చాలామందిది ఒకటే పద్ధతి... పగలు ల్యాబ్‌, రాత్రి కథ. సైబరాబాద్‌ నిండా ఇంజినీర్లే. కానీ రాత్రి కథ రాసేవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టాలి.

ఫియోనా అడగని ప్రశ్న
పుస్తకాల పిచ్చీ గాడ్జెట్ల పిచ్చీ కలిసి పుట్టిన బిడ్డ ఈ-రీడర్‌. దాని తెర మామూలు ఫోన్‌ తెరలాంటిది కాదు. లోపల వెంట్రుక మందం మాత్రమే ఉండే లక్షల బుడగలు. ఒక్కో బుడగలో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ. కరెంటు తగిలితే తెల్లవో నల్లవో పైకి తేలతాయి, అదే అక్షరం. ఒకసారి తేలాక అక్కడే ఉండిపోతాయి కాబట్టి, పేజీ తిప్పినప్పుడు తప్ప కరెంటు ఖర్చు కాదు. కాగితం మీద పడినట్టే బయటి వెలుగు పడి కనిపిస్తుంది కనుక కంటికి హాయి.

2007 నవంబరులో అమెజాన్‌ ‘కిండిల్‌’ని మార్కెట్లోకి తెస్తే, తొలి సరకంతా ఐదున్నర గంటల్లో అమ్ముడుపోయింది. తయారీలో ఉండగా దానికి పెట్టిన రహస్యపు పేరు ‘ఫియోనా’. ఆ పేరు కూడా ఓ నవల్లోదే... నీల్‌ స్టీఫెన్‌సన్‌ 1995లో రాసిన ‘ది డైమండ్‌ ఏజ్‌’. అందులో ఓ ఇంజినీరు గొప్పింటి పిల్ల కోసం మాట్లాడే పుస్తకం తయారుచేస్తాడు. తన కూతురు ఫియోనా కోసం దొంగతనంగా ఇంకో ప్రతి చేసుకుంటాడు. దాన్ని దారిలో ఎవరో కొట్టేస్తారు. చివరికది చదువూ సంధ్యా లేని ఓ పేద పిల్ల చేతిలో పడుతుంది. ఆ పుస్తకం ఆ పిల్ల పేరుతోనే, ఆ పిల్ల బతుకులోంచే కథ అల్లి చెబుతూ అక్షరాలు నేర్పిస్తుంది. బతకడం కూడా నేర్పిస్తుంది.

ఇప్పుడు నవల్లోంచి నిజంలోకి రండి. 2016 డిసెంబరులో కిండిల్‌లోకి భారతీయ భాషల పుస్తకాలు వచ్చాయి. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం... మొత్తం ఐదు. ఆ ఐదింటిలో తెలుగు లేదు. మూడేళ్లు తిరక్కుండానే, 2019లో, అదే సంస్థ తన భారీ క్యాంపస్‌ని కట్టుకుని తెరిచింది ఎక్కడో కాదు, మన నానక్‌రామ్‌గూడలో!

ఇందులో ఎవరినో తిట్టి లాభం లేదు. మనవాళ్లూ ఊరుకోలేదు. ఒకప్పుడు ఒక కంప్యూటర్లో కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపించేది. యూనికోడ్‌ వచ్చి, విండోస్‌ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు చేరి, పోతన లాంటి ఫాంట్లు తోడై ఆ గొడవ తీరింది. ‘కినిగె’ తెలుగు ఈ-పుస్తకాలకి అంగడి తెరిచింది. ‘దాసుభాషితం’ లాంటి ఆప్‌లు తెలుగు పుస్తకాల్ని చెవిలో చదివి వినిపించాయి. బయోడైవర్సిటీ జంక్షన్‌ ట్రాఫిక్‌లో గంట ఇరుక్కున్నవాళ్లకి అంతకన్నా కావలసిందేముంది? గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీలో యంత్రాలకి తెలుగు నేర్పే పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. ‘స్వేచ్ఛ’ సంస్థ విద్యార్థుల సాయంతో తెలుగు కథలు పోగుచేసి, ‘చందమామ కథలు’ పేరుతో కథలు చెప్పే ఏఐ తయారీకి పూనుకుంది. వెట్టివాడిగా పుట్టిన మరమనిషికి చందమామ చదివి వినిపించడం తెలుగువాళ్లకే తట్టాలి!

ఎక్కడ మొదలెట్టాలి?
పిల్లలకి ఈ రుచి చూపించాలంటే పెద్ద ఖర్చేమీ లేదు.
* పదేళ్లు దాటినవాళ్లకి జూల్స్‌ వెర్న్‌. సముద్రగర్భంలో తిరిగే నాటిలస్‌ జలాంతర్గామి కథ 1870 నాటిది. నేటికీ ఊపిరి బిగబట్టి చదివిస్తుంది.
* హైస్కూలు పిల్లలకి వెల్స్‌ ‘ది టైమ్‌ మెషీన్‌’. సన్నటి పుస్తకం, ఒక్క ఆదివారం చాలు. వెర్న్‌, వెల్స్‌ నవలల ఇంగ్లిష్‌ ప్రతులు ప్రాజెక్ట్‌ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగానే దొరుకుతాయి.
* ఏఐ గురించి మాట్లాడుకునే ఇంట్లో ఐజాక్‌ అసిమోవ్‌ ‘ఐ, రోబోట్‌’ (1950) ఉండాల్సిందే. మనిషికి హాని చేయొద్దని రోబోకి నియమం పెడితే, ఆ నియమమే ఎన్ని తిరకాసులు తెస్తుందో చెప్పే కథలివి.
* ఫోన్‌ వదలని కాలేజీ పిల్లలకి ‘ఫారెన్‌హీట్‌ 451’. నీతులు చెప్పకుండా చేతికివ్వండి చాలు.
* తెలుగులో ‘యుగాంతం’తో మొదలుపెట్టొచ్చు. అమ్మానాన్నల దగ్గర పాత ప్రతి ఉంటే మరీ మంచిది.
* ఇంగ్లిష్‌ పుస్తకాల వేటకి ఆదివారం ఆబిడ్స్‌ ఫుట్‌పాత్‌ ఉండనే ఉంది. అట్ట చిరిగినా ఫర్వాలేదు. ఆ పుస్తకాలకి ఛార్జింగ్‌ అక్కర్లేదు, అప్‌డేట్లు అసలే అక్కర్లేదు.

ఒక్క అక్షరం చేసిన పని
మీ ఇంట్లో ఏదో ఒక సొరుగు లాగి చూడండి. పాత నోకియా, దాని ఛార్జర్‌, పాడైన ఐపాడ్‌, ఎందుకు కొన్నామో గుర్తులేని ఇంకేదో వస్తువు. గాడ్జెట్‌ ఆయుష్షు అంతే. కానీ దాన్ని ముందే ఊహించిన నవల మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే, వస్తువు ఏం చేస్తుందో కంపెనీ చెబుతుంది. అది చేతికొచ్చాక మనిషి ఏమవుతాడో నవల అడుగుతుంది. చెవిలో గుళికలు పెట్టుకున్నాక ఇంట్లో మాటలేమవుతాయి? అన్నీ చేసిపెట్టే యంత్రం ఉంటే మన చేతులకి పనేమిటి? ఈ ప్రశ్నలు మన ఇళ్లలో పుట్టాలి, మన భాషలో పుట్టాలి.

మన భాషకి అంత బలం ఉందా అంటారా? 2018 ఫిబ్రవరిలో ఓ విచిత్రం జరిగింది. ఒకే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే, ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఫోన్లలో ఒకటైన ఐఫోన్‌లో ఆప్‌లు టపటపా మూతపడ్డాయి. కంటికి కనపడని ఓ సంకేతంతో కలిసి వచ్చిన ఆ అక్షరాన్ని ఎలా చూపాలో తెలియక ఫోన్‌ తికమకపడింది. కొద్దిరోజుల్లోనే ఆపిల్‌ ప్రత్యేకంగా ఓ అప్‌డేట్‌ పంపి దాన్ని సరిదిద్దుకుంది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలోని జ్ఞా!

ఏ సైన్స్‌ ఫిక్షన్‌ రచయితా ఊహించని మలుపు అది. రాసిపెట్టుకోవాల్సిన కథ కూడా.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఫోన్లన్నీ పక్కన పెట్టి, మీ పిల్లల్ని ఓ ప్రశ్న అడిగి చూడండి. ‘2075లో మన వీధి ఎలా ఉంటుందిరా?’ అని. సమాధానం తెలుగులోనే చెప్పమనండి. మధ్యలో అడ్డు తగలకండి, తప్పులు దిద్దకండి. రేపటి తెలుగు నవలకి అదే మొదటి పేజీ కావచ్చు!